కుక్కలు, పిల్లుల్లో ఎండోస్కోపీ: చూపు కన్నా బయాప్సీ ముక్కే ముఖ్యం

నెల రోజులుగా వాంతులు చేసుకుంటున్న కుక్కకి ఎండోస్కోపీ చేయించారు, అంటే కొనన కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని (స్కోప్) నోటి నుంచి పంపి లోపల చూశారు. తెర మీద అంతా గులాబీ రంగులో నిగనిగలాడుతూ కనిపించింది. "లోపల ఏమీ లేదు" అన్నారు. పరీక్షకు పంపే కణజాలపు ముక్క (బయాప్సీ) తీయలేదు, తీయదగ్గదేదీ కనిపించలేదు కాబట్టి. ఈ పరీక్షలో డబ్బు, మత్తు, శ్రమ మూడూ వృథా అయ్యే దారి ఇదే. కంటికి కనిపించేదానికీ మైక్రోస్కోప్ కింద తేలేదానికీ పొంతన కుదరని సందర్భాలు చాలా ఎక్కువ. వాపుతో నిండిన పేగు పైకి మామూలుగా ఉండొచ్చు. కందినట్టు ఎర్రగా ఉన్న జీర్ణాశయం గోడలో పాథాలజిస్టుకి ఏమీ దొరక్కపోవచ్చు. అందుకే దీర్ఘకాలపు వాంతులు, విరేచనాలు, బరువు తగ్గడం కోసం చేసే ఎండోస్కోపీలో కెమెరా వాహనం మాత్రమే. అది మోసుకెళ్లాల్సింది ముక్క తుంచే చిన్న పట్టకారుని, అంటే బయాప్సీ ఫోర్సెప్స్‌ని, తీసుకురావాల్సింది రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కల్ని.

ఇరుక్కున్న ఎముకో సూదో తీయడానికి చేసే ఎండోస్కోపీ సంగతి వేరు. అక్కడ కన్నే రాజు. ఈ రెండు పనులకీ వాడే పరికరం ఒకటే అయినా ఆలోచన ఒకటి కాదు. దాని సంగతి తర్వాత.

స్కోప్ పట్టుకునే ముందు

మూడు వారాలు దాటిన వాంతులకో విరేచనాలకో స్కోప్ వేయాలంటే, అంతకుముందు తేల్చాల్సినవి కొన్ని ఉన్నాయి. మల పరీక్ష, జియార్డియా పరీక్ష, రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్), పెద్ద వయసు పిల్లుల్లో థైరాయిడ్ ఇవన్నీ మామూలే. ఎక్కువగా మరిచిపోయేది కుక్కల్లో కార్టిసాల్. అడిసన్స్ వ్యాధి (అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ హార్మోన్‌ను చాలినంత చేయకపోవడం) అచ్చం పేగు జబ్బులాగే వచ్చిపోతూ ఉంటుంది. మందేమీ ఇవ్వకుండా కొలిచిన కార్టిసాల్ డెసీలీటరుకు 2 మైక్రోగ్రాములు దాటి ఉంటే ఆ అనుమానాన్ని దాదాపు పక్కన పెట్టేయొచ్చు. తక్కువ ఉంటే ఎసిటిహెచ్ (అడ్రినల్‌ను పనిచేయించే హార్మోన్) ఇచ్చి మళ్లీ చూడాలి. ఈ ఒక్క పరీక్ష మానేసి మత్తు ఇస్తే, అడిసన్స్ ఉన్న కుక్క బల్ల మీదే కుప్పకూలే ప్రమాదం ఉంది.

ఆహారం మార్చి చూడడం కూడా స్కోప్ కన్నా ముందే జరగాలి. నీరసించిపోని, ఆల్బుమిన్ బాగానే ఉన్న కుక్కకి హైడ్రోలైజ్డ్ (ప్రోటీన్‌ను బాగా చిన్నగా విడగొట్టిన) మేతో, అది మునుపెన్నడూ తినని ప్రోటీనో పెట్టి చూస్తే, ఆహారం వల్ల వచ్చిన జబ్బయితే సాధారణంగా రెండు వారాల్లోనే తేడా తెలుస్తుంది. ఆ రెండు వారాల్లో ఇంట్లో ఎవరూ చాటుగా బిస్కెట్టు, పెరుగన్నం పెట్టకూడదు. చాలా ప్రయత్నాలు చెడేది అక్కడే. స్టెరాయిడ్ మాత్రం స్కోప్ కన్నా ముందు మొదలుపెట్టొద్దు. వారం పది రోజుల ప్రెడ్నిసొలోన్ పేగులోని లింఫోసైట్లను (తెల్లరక్తకణాల్లో ఒక రకం) తగ్గించేసి, లింఫోమానో (ఆ కణాల క్యాన్సర్) వాపో తేల్చుకోలేని స్థితికి తెస్తుంది.

అల్ట్రాసౌండ్ తప్పకుండా చూడాలి, ఎందుకంటే స్కోప్‌కు అందని చోట జబ్బు ఉందేమో చెప్పేది అదే. పేగు గోడ మందంగా మారిన చోటంతా డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) దాటి జెజునంలోనే (చిన్నపేగు నడిమి భాగం) ఉంటే, నోటి నుంచి స్కోప్ పంపి సాధించేదేమీ లేదు.

ఉపవాసం 12 నుంచి 18 గంటలు. జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుందని అనుమానం ఉంటే 24 గంటలు. నీళ్లు మత్తుకు నాలుగు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. పిల్లకూనలకీ చక్కెర జబ్బు ఉన్నవాటికీ ఈ లెక్క పనికిరాదు, విడిగా వేసుకోవాలి. బేరియం తాగించి ఎక్స్‌రే తీసి ఉంటే కనీసం ఒక రోజు ఆగాలి. గోడకి అంటుకుని చూపును కప్పేయడమే కాదు, స్కోప్ లోపల పరికరాలు వెళ్లే సన్నటి దారి అయిన చానెల్‌లో గడ్డకట్టి మరమ్మతుకూ పంపిస్తుంది. పుండ్లకు ఇచ్చే సుక్రాల్ఫేట్ కూడా గోడ మీద పూతలా పరుచుకుంటుంది కాబట్టి ముందు రోజే ఆపేయడం మేలు. 18 గంటలు పస్తున్నా జీర్ణాశయంలో అన్నం కనిపించిందంటే అది కూడా ఒక సమాచారమే, రాసిపెట్టుకోవాలి.

ఎలాంటి స్కోప్

పిల్లికీ, పదిహేను కిలోల కుక్కకీ, గ్రేట్ డేన్‌కీ ఒకే స్కోప్ సరిపోదు, కానీ చాలా క్లినిక్కుల్లో ఒకటే ఉంటుంది. ఒకటే కొనాలంటే బయటి మందం 8 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉన్నది చూసుకోవాలి. మనుషులకు వాడే మామూలు గ్యాస్ట్రోస్కోప్ 9 మిల్లీమీటర్లు దాటుతుంది. పిల్లి అన్నవాహికలో దూరుతుంది గానీ పైలోరస్ (జీర్ణాశయం నుంచి పేగులోకి తెరుచుకునే ద్వారం) దగ్గర ఆగిపోతుంది. పొడవు కనీసం 100 సెంటీమీటర్లు ఉండాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో ఆ పొడవు డుయోడినం గుమ్మం దాకే తీసుకెళ్లి వదిలేస్తుంది, వాటికి 140 కావాలి. కొన నాలుగు దిక్కులా తిరగాలి, పైకి కనీసం 180 డిగ్రీలు, వీలైతే 210. ఊపిరితిత్తుల కోసం చేసిన, రెండు దిక్కులే తిరిగే బ్రాంకోస్కోప్‌తో జీర్ణాశయంలో పని చేయడం చేతులు కట్టేసుకుని చేసినట్టే.

చానెల్ సంగతిలో రాజీ పడకూడదు. 2.8 మిల్లీమీటర్ల చానెల్లోంచి వెళ్లే ఫోర్సెప్స్ తెచ్చే ముక్కకీ, 2 మిల్లీమీటర్ల చానెల్లోంచి వెళ్లేది తెచ్చే ముక్కకీ ఉన్న తేడా రిపోర్టులో కనిపిస్తుంది. సన్న స్కోప్ పైలోరస్ సులువుగా దాటుతుంది, కానీ పల్చటి ముక్క తెస్తుంది. లావు స్కోప్ మంచి ముక్క తెస్తుంది, కానీ దాటదు. చిన్న జంతువుల ఎండోస్కోపీ అంతా ఈ రెంటి మధ్య బేరమే.

మత్తు

పూర్తి మత్తు, శ్వాసనాళంలో కఫ్ (గాలితో ఉబ్బే పట్టీ) ఉన్న ట్యూబ్. ఇందులో మినహాయింపు లేదు. గాలి నింపుతున్న జీర్ణాశయంలోంచి ద్రవం పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపేది ఆ కఫ్పే.

కుక్కల్లో మార్ఫిన్ లాంటి మందులు పైలోరస్‌ను బిగించేస్తాయి. జైలజీన్, మెడెటొమిడిన్ వాంతి చేయించడం, పేగు కదలికను చెడగొట్టడం రెండూ చేస్తాయి. అందుకే చాలామంది బ్యుటార్ఫనాల్‌తో పాటు మిడజొలామ్, తర్వాత ప్రొపొఫాల్, ఐసోఫ్లూరేన్ దారిలో వెళతారు. అట్రోపిన్ అందరికీ అలవాటుగా ఇవ్వాల్సిన పని లేదు. నైట్రస్ ఆక్సైడ్ వద్దు, అది గాలి ఉన్న చోటికల్లా చేరి జీర్ణాశయాన్ని ఇంకా ఉబ్బిస్తుంది.

మౌత్ గ్యాగ్ (నోరు మూసుకోకుండా ఆపేది) లేకుండా స్కోప్ లోపలికి పంపకూడదు. మత్తు ఒక్క క్షణం తేలికపడితే, ఒక్క కొరుకుడుతో లక్షల రూపాయల పరికరం పోతుంది. కానీ పిల్లుల్లో స్ప్రింగ్ ఉన్న గ్యాగ్ పెట్టి నోరు బార్లా తెరిచి ఉంచితే ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. దవడ అంతగా తెరుచుకున్నప్పుడు మాక్సిలరీ ధమని నొక్కుకుపోతుంది. పిల్లిలో కంటి వెనక రెటీనాకీ, మెదడులో చాలా భాగానికీ రక్తం అందేది దాని ద్వారానే. మత్తు దిగాక చూపు పోయిన పిల్లుల కేసులు పశువైద్య పత్రికల్లో నమోదయ్యాయి, వాటిలో ఎక్కువ వాటికి గ్యాగ్ పెట్టి ఉంది. కత్తిరించిన చిన్న సూది మూతను కోరపళ్ల మధ్య పెట్టి, స్కోప్ పట్టేంత మేరకే నోరు తెరిచి ఉంచితే చాలు. మధ్యలో ఆపినప్పుడల్లా దాన్ని తీసేయాలి.

లోపలికి

జంతువును ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. అప్పుడు కుడి వైపు ఉండే యాంట్రం (జీర్ణాశయంలో పైలోరస్‌కు ముందున్న భాగం), పైలోరస్ పైకి వచ్చి గాలి నిండుతాయి, ద్రవమంతా కిందున్న గుండ్రటి భాగం, ఫండస్‌లోకి జారిపోతుంది. కుడి పక్కకు పడుకోబెడితే పైలోరస్ నీళ్లలో మునిగి ఉంటుంది, వెతకడమే సరిపోతుంది. గ్యాస్ట్రోస్టమీ ట్యూబ్ (పొట్ట గోడలోంచి ఆహారం పంపే గొట్టం) పెట్టడానికి మాత్రం ఎడమ గోడ కావాలి కాబట్టి అప్పుడు కుడి పక్క.

మెడ చాచి, కొన వెనక భాగానికి నీటిలో కరిగే జెల్ రాసి (లెన్స్ మీద పడితే అంతా మసకే), మత్తు ట్యూబ్‌కు పైగా గొంతు మధ్యలోంచి పంపాలి. గాలి కొద్దిగా వదిలితే అన్నవాహిక తెరుచుకుంటుంది. కుక్క అన్నవాహిక మొత్తం నిలువు మడతలతో ఉంటుంది. పిల్లిలో చివరి మూడో వంతు అడ్డంగా రింగులు రింగులుగా ఉంటుంది, అది జబ్బు కాదు. చౌ చౌ, షార్ పే జాతుల్లో నల్లటి మచ్చలుంటే కంగారు పడొద్దు, అది వాటి రంగు. గుండె దగ్గర గోడ టకటకా కొట్టుకోవడం కనిపిస్తుంది.

అన్నవాహిక చివరి భాగంలో గోడ మీద గడ్డ, దాని నడుమ చనుమొనలా చిన్న పొడుచుకు రావడం కనిపిస్తే స్పైరోసెర్కా లూపి గుర్తుకు రావాలి. పేడపురుగు తిన్న కుక్కకి, లేదా ఆ పురుగును తిన్న బల్లినో కోడినో తిన్న కుక్కకి సోకే ఈ నులిపురుగు మన దేశపు కుక్కల్లో ఉన్నదే. వీధి తిరుగుడు అలవాటున్న కుక్క మింగినదాన్ని కక్కుతుంటే, ఎక్స్‌రేలో ఛాతీ వెన్నుపూసల అడుగు భాగం గరుకుగా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. గడ్డ నున్నగా ఉంటే డోరమెక్టిన్‌తో కరిగే అవకాశం ఉంది. పుండు పడి గోబీపువ్వులా విచ్చుకుని ఉంటే సార్కోమాగా మారి ఉండొచ్చు. ఇక్కడ ఫోర్సెప్స్ ముక్క మోసం చేస్తుంది. పైన కుళ్లిన పొరే చేతికొస్తుంది, కింద ఉన్న క్యాన్సర్ రాదు. అదే చోట మళ్లీ మళ్లీ తుంచి లోతుకు వెళ్లాలి.

అన్నవాహిక చివరి కవాటం నక్షత్రంలా మూసుకుని, కాస్త ఎడమకి ఒరిగి ఉంటుంది. కొనను కొద్దిగా పైకీ ఎడమకీ తిప్పి, నెమ్మదిగా తోస్తే లోపలికి జారుతుంది. పాలిపోయిన రంగు అక్కడితో ఆగి ఎరుపు మొదలవుతుంది.

జీర్ణాశయంలోకి రాగానే తెలియనివారు చేసే మొదటి తప్పు గాలిని దంచడం. మడతలు విడివడడం మొదలైతే చాలు, అక్కడితో ఆపాలి. పూర్తిగా ఉబ్బిన జీర్ణాశయం డయాఫ్రమ్‌ను నెడుతుంది, పెద్ద సిరలను నొక్కుతుంది, వేగస్ నరాన్ని రెచ్చగొట్టి గుండె వేగం తగ్గిస్తుంది. మానిటర్ మీద గుండె వేగం పడిపోతే ముందు చేయాల్సింది సిరంజి కోసం పరుగెత్తడం కాదు, గాలి పీల్చేయడం. సహాయకుడి చెయ్యి ఒకటి పొట్ట మీద ఉండాలి. డోలులా మోగితే ఎక్కువైనట్టే.

చుట్టూ ఒకసారి పైపైన చూసి వెంటనే పైలోరస్ వైపు వెళ్లాలి. కొన వెనక్కి వంచి కార్డియాను (అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోటు) చూడడం, తీరిగ్గా ఫోటోలు తీయడం అంతా తిరుగుదారిలో చేసుకోవచ్చు. ముందే అవన్నీ చేస్తూ కూర్చుంటే గాలి నిండుతుంది, పైలోరస్ బిగుస్తుంది, మత్తు సమయం పెరుగుతుంది. వెళ్లేటప్పుడు పైపైన చూడడానికి ఇంకో కారణం కూడా ఉంది. వెళ్లేటప్పుడు లేని ఎర్రటి గీతలు తిరిగొచ్చేటప్పుడు పెద్ద వంపు (జీర్ణాశయం బయటి పొడవాటి వంపు) మీద కనిపిస్తే, అవి స్కోప్ రాసుకున్న గుర్తులు. ముందు చూసి ఉండకపోతే వాటిని గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయం వాపు) అని రాసేస్తారు.

పైలోరస్ దగ్గర

ఎంత సమయం పట్టినా, ఎవరి చేతులు వణికినా ఇక్కడే. పెద్ద వంపు వెంట స్కోప్‌ను తోస్తుంటే పైలోరస్ దగ్గరవ్వాల్సింది పోయి దూరం జరుగుతుంది. స్కోప్ మధ్య భాగం పెద్ద వంపును బయటికి సాగదీస్తోంది, కొన ఉన్నచోటే ఉండిపోతోంది, అంతే. భయపడి వెనక్కి లాగితే మళ్లీ మొదటికొస్తారు. మెత్తగా తోస్తూనే ఉంటే, వంపు సాగగలిగినంత సాగాక కొన యాంట్రంలోకి జారుతుంది. ఆ వంపు ఎంత సాగుతుందన్నది గాలిని బట్టే ఉంటుంది, అందుకే కొంత పీల్చేస్తే దారి దగ్గరవుతుంది.

యాంట్రం చివర పైలోరస్ చిన్న రంధ్రంలా కనిపిస్తుంది. దాన్ని తెర నడిమధ్యకు తెచ్చి అక్కడే ఉంచాలి. కుక్క ఊపిరి తీసినప్పుడల్లా, సంకోచపు అల వచ్చినప్పుడల్లా అది పక్కకు జారుతుంది. చక్రాలను మిల్లీమీటర్లలో తిప్పుతూ మళ్లీ మధ్యకు తేవాలి. అల వెళ్లిపోయాక సడలిన క్షణంలో తోయాలి. కొన అంచును తాకగానే తెర అంతా ఎర్రగా మారి ఏమీ కనిపించదు. ఈ ఎరుపును చదవడం నేర్చుకోవాలి. ఎర్రదనం మీద గీతలు జారిపోతూ ఉంటే ముందుకు వెళుతున్నట్టు. రంగు తెల్లబడి కదలకుండా ఆగిపోతే కొన గోడను పొడుస్తోంది, ఆపేయాలి. గుమ్మం దాటిన వెంటనే డుయోడినం కుడివైపుకు మలుపు తీసుకుంటుంది కాబట్టి కొనను కిందికీ కుడికీ వంచితే దారి తెరుచుకుంటుంది.

రాకపోతే? కాసేపు గాలి తీసేసి ఆగడం, జంతువును వెల్లకిలా తిప్పి చూడడం, సహాయకుడు బయట నుంచి పొట్టను మెత్తగా నొక్కడం. ఇంకా రాకపోతే మూసిన ఫోర్సెప్స్‌ను ముందుగా పైలోరస్‌లోంచి పంపి, దాని వెంట స్కోప్‌ను జార్చడం. చిన్న పిల్లుల్లో స్కోప్ అసలు పట్టకపోతే, ఫోర్సెప్స్ ఒక్కదాన్నే లోపలికి పంపి చూడకుండానే ముక్కలు తీయడం చివరి మార్గం. నాణ్యత తగ్గుతుంది, కానీ ముక్కలే లేకపోవడం కన్నా నయం. మెటోక్లోప్రమైడ్, గ్లూకగాన్ ఇస్తే పైలోరస్ తెరుచుకుంటుందన్న ఆశ కుక్కల్లో పరీక్షించి చూసినప్పుడు నిలబడలేదు.

డుయోడినం లోపలి గోడ టర్కీ తువ్వాలులా సన్నటి నూగుతో (విల్లై) ఉంటుంది. కుక్కల్లో గోడ మీద అక్కడక్కడా పాలిపోయిన అండాకారపు గుంటలు కనిపిస్తాయి, అవి పేయర్స్ ప్యాచెస్ (రోగనిరోధక కణజాలం), పుండ్లు కావు. పిత్తనాళం తెరుచుకునే చిన్న బొడిపె కుక్కల్లో ఒక్కటే ఉండదు, మామూలుగా రెండో బొడిపె కూడా ఉంటుంది, పిల్లుల్లో ఎక్కువగా ఒకటే. దాన్ని తుంచకూడదు. గోడ నిండా పాలచుక్కలు చల్లినట్టు తెల్లటి మచ్చలుంటే, ఆల్బుమిన్ కూడా తక్కువుంటే లింఫాంజియెక్టేసియా (పేగు గోడలోని లింఫు నాళాలు ఉబ్బే జబ్బు) గుర్తు చేసుకోవాలి.

ముక్క ఎలా తీయాలి

ముందు డుయోడినం, తర్వాత జీర్ణాశయం. గాలి కొంత పీల్చి పేగును మెత్తబరచాలి. సాగి బిగిసిన గోడ మీద ఫోర్సెప్స్ జారిపోతుంది. పేగు మలుపు దగ్గర గోడ ఎదురుగా వస్తుంది, ఫోర్సెప్స్‌ను నిటారుగా దింపడానికి అది సరైన చోటు. తెరిచి, గోడలోకి ఒత్తి, మూసి, ఒక్క క్షణం ఆగి, నిలకడగా లాగాలి. గోడకు సమాంతరంగా పెట్టి తుంచితే వచ్చేవి నూగు చివరలే.

జీర్ణాశయంలో బాడీ (నడిమి భాగం), ఇన్సిజూరా (చిన్న వంపు మీది మడత), యాంట్రం, కార్డియా ప్రతిచోటి నుంచీ తీసి, ప్రతిదీ వేరే సీసాలో వేసి, సీసా మీద చోటు పేరు రాయాలి. బాడీలో మడత మీద పట్టుకుంటే మంచి ముక్క వస్తుంది. యాంట్రం గట్టిగా ఉంటుంది, అక్కడ ఫోర్సెప్స్ వంగేదాకా ఒత్తాల్సి వస్తుంది. పుండు కనిపిస్తే దాని మధ్యలో తుంచకూడదు. చిల్లు పడే ప్రమాదం ఒకటి, కుళ్లిన కణజాలం తప్ప ఏమీ రాకపోవడం ఒకటి. అంచు నుంచి తీయాలి. పైలోరస్ చుట్టుపక్కల పుండ్లున్న కుక్క ఇంట్లో, ఇంట్లోవాళ్ల నొప్పి మాత్రలు దానికి వేశారా అని తప్పక అడగాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క జీర్ణాశయానికి మనుషులకన్నా ఎంతో ప్రమాదం.

ఎన్ని ముక్కలు? జీర్ణాశయం నుంచి మంచివి కనీసం 6. కుక్క డుయోడినం నుంచి 10 నుంచి 15, ఎందుకంటే అన్నీ మంచివి రావు. మంచి ముక్క అంటే నూగు కొన నుంచి దాని అడుగునున్న సన్నటి కండర పొర వరకు, లోపలి పొర మొత్తం మందం, పక్కపక్కన కనీసం మూడు నాలుగు విల్లై నిలబడి ఉండాలి. ముక్కను ఫోర్సెప్స్ కప్పులోంచి చిమటాతో లాగితే నలిగిపోతుంది, నలిగిన లింఫోసైట్లను పాథాలజిస్టు గుర్తుపట్టలేడు. 25 గేజ్ సూదితో అంచు పట్టి తీసి, నూగు పైకి ఉండేలా తడి స్పాంజి మీదో, పల్చటి కీరదోసకాయ ముక్క మీదో పరిచి, ఆరిపోకముందే 10 శాతం ఫార్మాలిన్‌లో వేయాలి. కీరదోసకాయ హాస్యం కాదు, పాథాలజీ ల్యాబుల్లో వాడుకలో ఉన్న పద్ధతే. అది ముక్కతో పాటే కోతకు లొంగుతుంది.

ఇరుక్కున్నవి

అన్నవాహికలో ఎముక ఇరుక్కోవడం అత్యవసరం, రేపు చూద్దామనే పని కాదు. మూడు చోట్ల ఎక్కువ ఆగుతుంది: మెడ ఛాతీలో కలిసేచోట, గుండె దగ్గర, డయాఫ్రమ్‌కు ముందు. గంటలు గడిచేకొద్దీ గోడ నలిగి చిల్లు పడుతుంది. చిల్లు ఉందన్న అనుమానం ఉంటే గాలి బహు పొదుపుగా వాడాలి. అది ఛాతీలోకి దూరి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది, మానిటర్ దగ్గర ఉన్నవారు ముందే సిద్ధంగా ఉండాలి. మటన్ ఎముక పైకి రాకపోతే, అంచులు పదునుగా లేకపోతే, జీర్ణాశయంలోకి తోసేయొచ్చు. అక్కడి ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, కడుపు కోయాల్సిన పని సాధారణంగా రాదు. బటన్ బ్యాటరీని మాత్రం తోయొద్దు, అది తాకిన చోటల్లా గోడను కాల్చేస్తుంది.

ఎక్స్‌రే నిన్నటిది పనికిరాదు. మత్తుకు ముందు మళ్లీ తీయాలి. నాణెం ఈపాటికి పేగు దాటిపోయి ఉండొచ్చు.

పట్టుకునే పరికరాన్ని వస్తువును బట్టి ఎంచుకోవాలి. నాణేన్ని కొనలో పళ్లున్న ర్యాట్ టూత్ ఫోర్సెప్స్‌తో అంచు దగ్గర, బంతిని వలతో లేదా బుట్టతో, గుడ్డను ర్యాట్ టూత్‌తో. సూదికి మొన వెనక వచ్చేలా లాగాలి. మొన నోటి వైపు ఉంటే జీర్ణాశయంలోకి తోసి, అక్కడ తిప్పి, అప్పుడు తేవాలి. మామిడి టెంక మన వేసవి కేసు. నున్నగా, జారుడుగా, పెద్దగా ఉంటుంది. ఉచ్చులా బిగించే తీగ, స్నేర్‌లో పడ్డా అన్నవాహిక కింది కవాటం దగ్గర ఇరుక్కుంటుంది. పేగులోకి దిగిన టెంక ఆపరేషనే. ఇంటికి చెప్పాల్సిందల్లా తొక్కా టెంకా డబ్బాలో మూత వేసి పెట్టమని.

పిల్లిలో దారం మరో కథ. ఏ పిల్లి వాంతులు చేసుకుంటున్నా నాలుక కింద చూడాలి. కుట్టు దారం అక్కడ చుట్టుకుని, రెండో కొస పేగులోకి వెళ్లిపోయి ఉంటే, లాగకూడదు. పేగు దాని మీద మడతలుగా కుచ్చుకుపోయి ఉంటుంది, లాగితే దారం లోపలి నుంచి గోడను కోసేస్తుంది. పైలోరస్ దాటిన దారం సర్జన్‌ది.

వస్తువు తీశాక స్కోప్ మళ్లీ పంపి గోడ చూడాలి, ఛాతీ ఎక్స్‌రే తీయాలి. లోతుగా కాలిన, చుట్టూతా నలిగిన అన్నవాహిక ఒకటి నుంచి మూడు వారాల్లో మచ్చకట్టి సన్నబడుతుంది. అప్పుడు బెలూన్‌తో సాగదీయాలి, ఒకసారి కాదు, కొన్నిసార్లు. పిల్లుల్లో ఇలా సన్నబడడానికి, అంటే స్ట్రిక్చర్‌కు ఇంట్లోనే ఒక కారణం ఉంటుంది: పొడిగా మింగించిన డాక్సిసైక్లిన్ లేదా క్లిండమైసిన్ మాత్ర. మాత్ర వెంట సిరంజితో 5, 6 మిల్లీలీటర్ల నీళ్లు నోటి పక్క నుంచి పోస్తే అది అన్నవాహికలో ఆగదు.

బయటికి వచ్చేటప్పుడు

జీర్ణాశయంలో గాలి మొత్తం పీల్చేయాలి. అన్నవాహికలో ద్రవం ఉంటే అదీ. ట్యూబ్ కఫ్‌ను జంతువు మింగడం మొదలుపెట్టే వరకు ఉబ్బించే ఉంచాలి. ముక్క తీసిన చోట కాస్త నెత్తురు ఊరడం మామూలు, అదే ఆగుతుంది. ఇంటికి వెళ్లాక పొట్ట ఉబ్బడం, పదే పదే వాంతి, ఆయాసం, లేవలేకపోవడం ఏదొకటి కనిపించినా వెంటనే తీసుకురమ్మని చెప్పి పంపాలి. చిల్లు అరుదే, కానీ ఆలస్యంగా తెలిస్తే ప్రాణం పోతుంది.

స్కోప్ శుభ్రం గది వదలకముందే మొదలవ్వాలి. ఎంజైమ్ ద్రవం చానెల్‌లోంచి పీల్చి, లీక్ టెస్ట్ చేసి, బ్రష్ వేసి, 2 శాతం పైబడిన గ్లుటరాల్డిహైడ్‌లో చెప్పిన సమయం నానబెట్టి, బాగా కడిగి, ఆరబెట్టి నిలువుగా వేలాడదీయాలి. కడగడం సరిగ్గా లేకపోతే మిగిలిన గ్లుటరాల్డిహైడ్ మరుసటి రోగి పేగును కాలుస్తుంది. ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెట్టినవారు కొత్త స్కోప్ కొనుక్కున్నారు.

రిపోర్టు చదివేటప్పుడు

రిపోర్టులో "చాలినంత కణజాలం లేదు" అని ఉంటే దాన్ని "మామూలుగా ఉంది" అని యజమానికి చెప్పకూడదు. "లింఫోప్లాస్మసైటిక్ ఎంటరైటిస్" అని ఉంటే అది జబ్బు పేరు కాదు, గోడ ఎలా స్పందిస్తోందో చెప్పే వర్ణన. దాని వెనక ఆహారం ఉండొచ్చు, పురుగులుండొచ్చు, ఏమీ తేలకపోవచ్చు. జీర్ణాశయంలో హెలికోబాక్టర్ బాక్టీరియా కనిపించినా అంతే, ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ పిల్లుల్లోనూ అది ఉంటుంది. వాపు కూడా ఉండి, వేరే కారణం దొరక్కపోతేనే దాని మీద మందు.

పిల్లుల్లో చిక్కు ఎక్కువ. ఆహారం, స్టెరాయిడ్‌తో లొంగే పేగు వాపు, చిన్నకణాల లింఫోమా రెండూ ఒకేలా మొదలవుతాయి, మైక్రోస్కోప్ కింద కూడా హద్దు స్పష్టంగా ఉండదు. పైగా లింఫోమా చాలాసార్లు జెజునం, ఇలియంలో (చిన్నపేగు చివరి భాగం) ఉంటుంది, డుయోడినం ముక్కలో కనిపించదు. అందుకే అదే మత్తులో కింది నుంచి కూడా స్కోప్ వేసి, పెద్దపేగు దాటి ఇలియం ముక్కలు తేవడం పిల్లుల్లో అదనపు ఖర్చు కాదు. ముక్కలు అనుమానంగా ఉంటే సిడి3, సిడి20 రంగులు (లింఫోసైట్ల రకం చూపేవి), ఆ తర్వాత క్లోనాలిటీ పరీక్ష (అవన్నీ ఒకే కణం సంతతేనా అని చూసేది) అడగాలి. అవి కూడా తేల్చకపోతే, జబ్బు గోడ లోతుల్లో ఉందనిపిస్తే, పొట్ట తెరిచి పూర్తి మందం ముక్కలు తీయాల్సిందే. కానీ ఆల్బుమిన్ డెసీలీటరుకు 2 గ్రాములకన్నా తక్కువుంటే కుట్లు విడిపోయే భయం ఉంది, అలాంటి జంతువుకి ముందు స్కోప్ ముక్కలే, ఆపరేషన్ తర్వాతి మాట.